డ్రిల్లు మిషను మూత

ఒకప్పుడు నా దగ్గర ఏడు పాత డ్రిల్లు మిషన్లు ఉండేవి. చేత్తో పట్టుకుని గోడకి బెజ్జం వేసే చిన్న డ్రిల్లులు కావు. నిలువెత్తు ఇనప స్తంభం, దాని మీద మోటారు, మధ్యలో బల్ల, పక్కన మూడు చేతుల చక్రం ఉండే రకం. చక్రం తిప్పితే పైనున్న బిట్టు మెల్లగా కిందికి దిగి, బల్ల మీద బిగించిన ఇనుములోకి వెళుతుంది. ఏడూ నేను పుట్టకముందు తయారైనవే. నాలుగు ఇంగ్లండువి, ఒకటి జర్మనీది, రెండు మన దేశానివి.

దోహాలో కూర్చుని ఇదేం పిచ్చి అని చాలామంది అడిగారు. నవ్వి ఊరుకునేవాణ్ణి. చెప్పాలంటే నేను మెకానికల్ ఇంజనీరుని, కాకినాడలో చదివాను. చదువు అయ్యాక మిషను ముట్టుకున్న రోజు లేదు. దోహా పక్కన లుసైల్ టవర్లలో ఏసీ ప్లాంట్లు చూసుకోవడం నా ఉద్యోగం. చూసుకోవడం అంటే ఏ పంపు ఎప్పుడు ఆపాలో షీట్లు తయారు చేయడం, మెయిళ్ళు రాయడం, మీటింగుల్లో కూర్చోవడం. సాయంత్రం ఇంటికొచ్చి చేతులు కడుక్కుంటే నీళ్ళు తెల్లగానే పోయేవి. ఆ తెల్ల నీళ్ళు చూస్తే నాకు అదోలా ఉండేది.

ప్రపంచ కప్పు పనులన్నీ అయిపోయాక పారిశ్రామిక వాడలో చిన్న వర్క్‌షాపులు ఒకటొకటిగా మూతపడ్డాయి. ఆ వాడని ఇక్కడ అందరం సనయా అంటాం. ఒక పాత వాల్వు కోసం సనయాలో తుక్కు దుకాణానికి వెళితే, ఇసకలో పక్కకి పడి ఉంది మొదటి మిషను. పైన బూడిదరంగు, దాని కింద నీలం, గోరుతో గీకితే ఆకుపచ్చ. ఎంతమంది చేతులు మారిందో ఆ రంగులే చెప్పాయి. ఇనుము తూకానికి కొని, కంపెనీ పికప్‌లో ఇంటికి తెచ్చాను.

అప్పట్లో ఫరీజ్ బిన్ మహమూద్ పేటలో ఉండేవాళ్ళం. పాత విల్లాని ముక్కలు చేసి అద్దెకిచ్చిన ఇల్లు. కింది భాగం మాది. వెనక ప్రహరీకీ వంటగదికీ మధ్య రేకుల షెడ్డు ఉండేది. మా ఆవిడ అక్కడ బట్టలు ఆరేసుకునేది. ఆమె ఇక్కడి ఇండియన్ స్కూల్లో లెక్కలు చెబుతుంది. మొదటి మిషను వచ్చినప్పుడు నవ్వింది. మూడోది వచ్చేసరికి తాళ్ళు విప్పుకుని బట్టలు మేడ మీద ఆరేసుకోవడం మొదలుపెట్టింది.

శుక్రవారం పొద్దున్నే షెడ్డులోకి వెళితే మధ్యాహ్నం భోజనానికి పిలిచేదాకా బయటికి వచ్చేవాణ్ణి కాదు. భాగాలు విప్పి కిరసనాయిల్లో నానబెట్టడం, తీగ బ్రష్షుతో రుద్దడం, పట్టేసిన బేరింగులు కొట్టి తీయడం. బిగుసుకుపోయిన ఇరుసు ఒకరోజు ఒక్క వేలితో తిప్పితే తిరుగుతుంది. ఆ క్షణం కోసం ఎన్ని శుక్రవారాలైనా ఇచ్చేవాణ్ణి.

ఈ పనిలో పడ్డవాళ్ళకి తెలిసే సంగతి ఒకటుంది. మిషను దొరుకుతుంది, దాని సరంజామా దొరకదు. మిషను బరువైంది కాబట్టి ఎక్కడికీ పోదు. చిన్న వస్తువులు పోతాయి. బల్లని పైకీ కిందికీ ఆడించే పిడి, బిట్టు బిగించే తాళం, ఎంత లోతు వెళ్ళిందో చూపించే కడ్డీ, కంపెనీ పేరున్న ఇత్తడి పలక. అన్నిటికంటే ముందు పోయేది పైనుండే మూత. మిషను తల మీద రెండు పుల్లీలు, వాటి మధ్య బెల్టు తిరుగుతూ ఉంటాయి. వాటిలో వేళ్ళూ బట్టలూ పడకుండా మూత పెడతారు. వేగం మార్చాలంటే మూత తీసి బెల్టు జరపాలి. తీసి పెట్టి, తీసి పెట్టి విసుగొచ్చి, ఒకరోజు మూత మూలకి విసిరేస్తారు. తరవాత అది తుక్కులోకి పోతుంది. అందుకే అసలు మూతతో ఉన్న పాత మిషను కనిపిస్తే మాలాంటివాళ్ళం ఫోటోలు తీసి ఒకరికొకరు పంపుకుంటాం.

నా మూడో మిషనుకి మూత లేదు. ఏడింటిలో నాకు బాగా ఇష్టమైనది అదే. మనిషంత ఎత్తు, ఇంగ్లండుది. దాని మూత బోర్లించిన పడవలా ఉంటుందనీ, పోతపోసిన అల్యూమినియంతో చేశారనీ, మీద కంపెనీ పేరు ఉబ్బెత్తు అక్షరాల్లో ఉంటుందనీ పుస్తకాల్లో చూశాను. రెండేళ్ళు వెతికాను. ఇంగ్లండులో ఒక ముసలాయన దగ్గర ఉందని ఫోన్ గ్రూపులో తెలిసి రాశాను. అమ్మనన్నాడు, ఫోటో మాత్రం పంపాడు. ఆ ఫోటో నా ఫోన్లో ఉండేది. మీటింగుల్లో విసుగొస్తే తీసి చూసుకునేవాణ్ణి.

దాన్ని నేను అందం కోసం వెతికాను. అసలు అది ఎందుకు పెడతారో తెలియక కాదు.

ఆ ఏడు చలికాలంలో మా కంపెనీకి పైపులు మోసే బ్రాకెట్లు కావలసి వచ్చి సనయాలో ఒక ఫాబ్రికేషన్ వర్క్‌షాపుకి పని ఇచ్చాం. బెజ్జాలు సరిగ్గా వేస్తున్నారో లేదో చూడమని నన్ను పంపారు. లోపలికి అడుగు పెట్టగానే ఎదురుగా నా మూడో మిషనుకి తోడబుట్టినది పనిచేస్తూ కనిపించింది. నెత్తిన మూత ఉంది. దాని మీద అక్షరాలు నూనె మసిలోంచి కూడా కనిపిస్తున్నాయి.

దాని ముందు నిలబడ్డ మనిషికి నలభై అయిదేళ్ళుంటాయి. సన్నగా, తలకి తువ్వాలు చుట్టుకుని ఉన్నాడు. నేను తెలుగులో ఫోన్ మాట్లాడుతుంటే విని మిషను ఆపాడు.

"తెలుగోళ్ళా సార్? ఏ వూరు మనది?"

చెప్పాను. తనది జగిత్యాల దగ్గర పల్లె అన్నాడు. గల్ఫ్‌కి వచ్చి పన్నెండేళ్ళయిందట. అందులో ఎనిమిదేళ్ళు ఈ మిషను మీదే. బిట్లు తనే సానబెట్టుకునేవాడు. తరవాత నేను తెచ్చిన బిట్లు కూడా కొలిచే పరికరం ఏదీ లేకుండా, కంటితో చూసి, గ్రైండరు మీద రెండుసార్లు తాకించి ఇచ్చేవాడు. ఇంటికెళ్ళి కొలిస్తే రెండు అంచులూ సమానంగా ఉండేవి. నాకు నెలలు పట్టినా రాని విద్య అది. ఇంట్లో నా దగ్గర అలాంటి మిషన్లు ఉన్నాయంటే పకపకా నవ్వాడు.

"ఇంట్ల వెట్టుకుంటరా సార్? మేము దీన్ని ఎప్పుడు ఇడిసిపెట్టి ఊరికి పోదుమా అని సూస్తం."

తరవాత అవసరం లేకపోయినా వారానికోసారి వెళ్ళేవాణ్ణి. టీ తాగేవాళ్ళం. మిషను గురించి నాకు తెలియనివి అతను చెప్పేవాడు, దాని కంపెనీ పేరు కూడా తెలియకుండానే. ఏ వేగంలో దాని గొంతు మారుతుందో, ఎండాకాలంలో బెల్టు ఎలా సాగుతుందో. నేను కంపెనీ చరిత్ర చెబితే మర్యాదగా వినేవాడు. మా మధ్య స్నేహం లాంటిది ఏర్పడిందని అనుకున్నాను. ఇప్పుడు ఆలోచిస్తే, అంతసేపూ నా చూపు మూత మీదే ఉండేది.

ఒకరోజు ఫోర్మన్‌ని అడిగాను. అతనిది ఏ దేశమన్నది ఇక్కడ అనవసరం. మేం హిందీలో మాట్లాడుకునేవాళ్ళం.

"ఆ పాత డబ్బానా? తీసుకెళ్ళండి ఇంజనీర్ సాబ్. మాఫీ ముష్కిల్, ఇబ్బందేం లేదు. మాకు మీ కంపెనీ పని ముఖ్యం," అన్నాడు. మిషను ముందున్న అతన్ని కేకేసి, పానా ఇమ్మని చెప్పాడు.

అతను పానా తెచ్చి చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. ఫోర్మన్‌కి అర్థం కాకుండా తెలుగులో, మెల్లగా అన్నాడు.

"సార్, మూత తీస్తే మంచిగుండదు. బెల్టు మొకం ముంగటనే తిరుగుతది."

"రేకుతో కొత్తది చేయించి పంపిస్తానండీ. వారంలో వచ్చేస్తుంది. దీనికంటే తేలిక, తీసి పెట్టడానికి మీకూ సుఖం," అన్నాను.

"వారమేనా సార్?"

"వారమే."

పానా ఇచ్చాడు. నాలుగు మరలు నేనే విప్పాను. అతని టేపుతోనే కొలతలు తీసుకుని ఫోన్లో రాసుకున్నాను. అందులో మోసం లేదు. చేయిద్దామనే అనుకున్నాను.

మూత ఇంటికి తెచ్చి, మసి వదిలించి, మెరుగుపెట్టాను. షెడ్డులో మిషనుకి బిగించడానికి మనసొప్పక హాల్లో టీవీ పక్కన అలమరలో పెట్టాను. మా ఆవిడ గుడ్డతో తుడుస్తూ, "ఇదొక్కటే మీ సామాన్లలో చూడ్డానికి బాగుంది," అంది. ముసలాయనకి ఫోటో పంపాను. తనదానికంటే నాదే బాగుందని ఆయన జవాబిచ్చాడు. ఆ వారమంతా సంతోషంగా ఉన్నాను.

రేకు మూత చేయించలేదు. మా సైటు వర్క్‌షాపులో గంటన్నర పని. కొలతలు ఫోన్లోనే ఉన్నాయి. ఏదో ఒక పని అడ్డొచ్చేది. వేసవికి ముందు ప్లాంట్లన్నీ శుభ్రం చేయించే హడావుడి, ఇద్దరు టెక్నీషియన్లు సెలవు మీద పోవడం. ఇవన్నీ నిజాలే. కానీ అసలు కారణం, నాకు కావలసింది నా ఇంటికి వచ్చేసింది. నాకిక తొందర లేదు.

అతను రెండుసార్లు గుర్తు చేశాడు. మొదటిసారి ఫోన్ చేసి, ముందు మా పాప చదువు గురించి అడిగి, చివర్లో నసిగాడు. రెండోసారి ఎండలు ముదిరాక వాట్సాప్‌లో మాట పంపాడు. "సార్, నమస్తే. మూత సంగతి జర యాదికుంచుకోండ్రి. పెద్ద ఫ్యాన్లు వెట్టిన్రు. గాలికి గుడ్డలు ఎగురుతున్నయ్." మీటింగులో ఉన్నాను. జవాబుగా బొటనవేలి బొమ్మ ఒకటి పంపాను.

జూన్ నెలలో ఒక ఉదయం పదిగంటలప్పుడు ఫోర్మన్ ఫోన్ చేశాడు.

"ఇంజనీర్ సాబ్, ఆ డబ్బా ఇంకా మీ దగ్గరే ఉందా?"

"ఉంది. ఏమైంది?"

"ఇవాళే తెచ్చేయండి. రేపు తనిఖీకి వస్తున్నారు. యల్లా, ఆలస్యం చేయొద్దు."

ఏమైందని మళ్ళీ అడిగితే చెప్పాడు. ముందురోజు మధ్యాహ్నం ఫ్యాను గాలికి అతని మెడలోని తువ్వాలు కొస బెల్టులో పడింది. బెల్టు తలని లాక్కుంటుంటే, తువ్వాలు విడిపించుకోవడానికి కుడిచెయ్యి పెట్టాడు. మెడ బయటపడింది. చూపుడు వేలు, నడిమి వేలు మొదలంటా పోయాయి. ఉంగరం వేలు సగం పోయింది.

నేను ఇంటికి వెళ్ళాను. మూత అలమరలోంచి తీసి వార్తాపత్రికలో చుడుతుండగా మా ఆవిడ స్కూలు నుంచి వచ్చింది.

"అదేంటి, ఇచ్చేస్తున్నారా?"

"ఒకాయన అడిగాడు. అమ్మేస్తున్నాను."

"అంత ముచ్చటపడి తెచ్చారుగా," అంటూ లోపలికి వెళ్ళింది.

వర్క్‌షాపులో పనివాళ్ళందరినీ క్యాంపుకి పంపేశారు. మిషను కడిగేసి ఉంది. కింద రంపపు పొట్టు చల్లి ఉంది. ఫోర్మన్ తలుపు దగ్గర నిలబడి ఫోన్లో మాట్లాడుతున్నాడు. నేనే బల్ల ఎక్కి మూత పెట్టి మరలు బిగించాను. నాలుగింటిలో రెండు ఇంట్లో దొరక్క కొత్తవి తెచ్చాను. అవి తళతళా మెరుస్తున్నాయి. మూత కూడా నేను మెరుగుపెట్టింది, మిగతా మిషనుతో కలవడం లేదు. మిషను పక్కన గ్రీజు డబ్బా ఉంటే, వేళ్ళతో గ్రీజు, నేలమీది మసి కలిపి మూతకీ మరలకీ పూశాను. ఎన్నాళ్ళ నుంచో అక్కడే ఉన్నట్టు కనిపించేదాకా పూశాను. అలా చేయమని ఫోర్మన్ చెప్పలేదు. నేనే చేశాను. చేస్తున్నంతసేపూ, పని బాగా కుదురుతోందన్న తృప్తి కూడా కలిగింది. ఈ మాట ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు.

వెళ్ళబోతూ అడిగాను. "కాగితంలో ఏం రాస్తారు?"

"మూత తీసి పనిచేస్తున్నాడని రాస్తాం. తీసింది అతనే కదా అప్పుడప్పుడూ, బెల్టు జరపడానికి."

బండి తాళాలు తీసుకుని బయటికి నడిచాను. ఇంటికొచ్చి చేతులు కడుక్కుంటే నల్లగా పోయాయి నీళ్ళు.

నాలుగు రోజులు పోయాక ఆసుపత్రికి వెళ్ళాను. ఆరు మంచాల వార్డులో కిటికీ పక్క మంచం. కుడిచెయ్యి పెద్ద తెల్లటి మూటలా దిండు మీద ఉంది. నన్ను చూసి లేవబోయాడు. వద్దన్నాను. కాసేపు నొప్పి గురించి, తిండి గురించి మాట్లాడుకున్నాం. పక్క మంచం నేపాలీ పండు ఒలిచి పెడుతున్నాడని చెప్పాడు. తరవాత గొంతు తగ్గించాడు.

"సార్, మూత నేనే తీసిన్నని రాసిన్రు. అరబ్బీల ఉండె కాయిదం. ఎడమచెయ్యి ఏలిముద్ర వెట్టిచ్చుకున్నరు. నాకు గప్పుడు సోయి లేదు."

"చదివి చెప్పలేదా?"

"ఎవలు చెప్తరు సార్? మల్ల మా క్యాంపోళ్ళు వచ్చి చెప్తున్నరు, తనిఖీకి వచ్చినోళ్ళు సూసేసరికి మిషన్ మీద మూత ఉన్నదంట. గది ఎట్లొచ్చిందో నాకు సమజైతలేదు."

నేను అతని మంచం పక్కనున్న నీళ్ళ సీసా వైపు చూస్తున్నాను.

"మీరు జర మాట్లాడుండ్రి సార్. మీరు ఇంజనీరు, మీ మాట ఇంటరు. మీరు తీస్కపోయిన్రని చెప్పకుండ్రి, మీకు తక్లీఫ్ అయితది. మూత లేకుండె అని చెప్పుండ్రి, సాలు. నేను తప్పు జేసిన్నని కాయిదంల ఉంటే నాకేం రాదంటున్నరు."

"మాట్లాడతాను," అన్నాను.

మాట్లాడాను కూడా, ఫోర్మన్‌తో. అతను కోప్పడలేదు. "మూత మళ్ళీ పెట్టింది ఎవరు సాబ్? అది కూడా చెప్తారా? మీ కంపెనీకి తెలిస్తే మీ వీసా ఉంటుందా? మీ పాప ఏ క్లాసు?" అన్నాడు. టీ తెప్పించాడు. నేను ఆ టీ తాగి వచ్చేశాను.

మా ఆవిడకి ఒక తెలుగు కార్మికుడికి ప్రమాదం జరిగిందని మాత్రమే చెప్పాను. శుక్రవారం క్యారియర్‌లో అన్నం, ముద్దపప్పు, మెత్తగా ఉడికించిన బీరకాయ కూర పట్టుకుని తనూ వచ్చింది. అతను ఎడమచేత్తో చెంచా పట్టుకోలేక అవస్థ పడుతుంటే, తనే కలిపి ముద్దలు పెట్టింది. మొదట సిగ్గుపడ్డాడు. "తినండి అన్నయ్యా," అంది. నేను డాక్టరుని కలవడానికి బయటికి వెళ్ళాను. తిరిగి వచ్చేసరికి క్యారియర్ సర్దేసి, ముఖం బిగించుకుని కూర్చుంది.

కారులో ట్రాఫిక్ లైటు దగ్గర ఆగినప్పుడు అడిగింది.

"పైన అక్షరాలున్న మూత అన్నాడు. మన హాల్లో ఉన్నదేనా?"

"అవును."

"ఎవరికమ్మారు దాన్ని?"

చెప్పాను. మొత్తం చెప్పాను, గ్రీజు సంగతి తప్ప. వెనక బండివాడు హారన్ కొట్టేదాకా లైటు పచ్చబడ్డ సంగతి గమనించలేదు.

"రేపు వెళ్ళి చెప్పండి," అంది.

"చెప్తే మనం ఇక్కడ ఉండలేకపోవచ్చు."

"తెలుసు."

నేను మర్నాడు వెళ్ళలేదు. ఆ మర్నాడూ వెళ్ళలేదు. పాప పరీక్షలు, అద్దె ఒప్పందం, ఊళ్ళో కడుతున్న ఫ్లాటు, అన్నీ ఒక్కసారిగా గుర్తుకొచ్చేవి. మా ఆవిడ అవసరమైన మాటలు మాత్రమే మాట్లాడేది. స్కూలు నుంచి వచ్చి, వండి, టాక్సీలో ఆసుపత్రికి వెళ్ళి వచ్చేది. నన్ను రమ్మని అడిగేది కాదు.

మూడో వారంలో ఒకరోజు అరగంటకే తిరిగొచ్చింది. క్యారియర్ నిండుగా ఉంది.

"మంచం ఖాళీగా ఉంది. నిన్న డిశ్చార్జి చేసి, క్యాంపుకి తీసుకెళ్ళి, ఇవాళ పొద్దున విమానం ఎక్కించారట. నేపాలీ అబ్బాయి చెప్పాడు."

క్యారియర్ విప్పి అన్నం గిన్నె నా ముందు పెట్టింది. "తినండి," అంది. నేను తిన్నాను. ఆమె ఎదురుగా కూర్చుని చూసింది.

మర్నాడు సెలవు పెట్టి, కార్మికుల ఫిర్యాదులు తీసుకునే చోటికి వెళ్ళాను. తీసింది నేను, చేయిస్తానని చేయించనిది నేను, మళ్ళీ బిగించింది నేను అని రాసి, మూత మా అలమరలో ఉన్నప్పటి ఫోటోలతో సహా ఇచ్చాను. అధికారి మర్యాదస్తుడు. కాగితం రెండుసార్లు చదివాడు.

"ఆ మనిషి ఎక్కడ?" అన్నాడు.

"నిన్న వెళ్ళిపోయాడు."

"మీరు ఈ దేశంలోనే ఉన్నారు కదా, ఇన్నాళ్ళూ?"

"ఉన్నాను."

ఆయన ముద్ర వేసి నకలు ఇచ్చాడు. కార్మికుడు తన తరఫున ఒకరిని నియమిస్తూ అధికారపత్రం పంపితే, కేసు మళ్ళీ తెరవడానికి వీలుంటుందని చెప్పాడు.

బయటికొచ్చి కారులో కూర్చుని అతని ఊరి నంబరుకి ఫోన్ చేశాను. భార్య ఎత్తింది. "దుబాయ్ సారా? ఉండుండ్రి, ఇస్త," అంది. ఆ ఊళ్ళో గల్ఫ్ అంతా దుబాయే. అతను వచ్చాక చెప్పాల్సింది చెప్పాను. మూత తిరిగి పెట్టింది నేనేనని కూడా చెప్పాను. అవతల కోళ్ళు అరుస్తున్నాయి.

"మావోళ్ళు చెప్పిన్రు సార్," అన్నాడు. "క్యాంపుకు పోయేటప్పుడు తొవ్వల మీ బండి సూసిన్రంట. నేను నమ్మలే. గా సార్ అట్ల జెయ్యడు అని కొట్లాడిన."

"నాది తప్పే. ఒక్క కాగితం మీద సంతకం... వేలిముద్ర వేసి పంపితే మళ్ళీ తెరుస్తారు. ఖర్చు, తిరుగుడు అన్నీ నేను చూసుకుంటాను."

"ఇంక కాయిదాలు వద్దు సార్. ఒక కాయిదంతోనే గిట్లయింది."

నెలకోసారి చేసి అడిగాను. వినలేదు. నేను ఎదురుచూసిన శిక్ష కూడా రాలేదు. మా కంపెనీలో పిలిచి విచారించారు. హెచ్చరిస్తూ ఒక కాగితం ఇచ్చారు. ఆ వర్క్‌షాపుకి పని ఇవ్వడం మానేశారు. దాంతో అది మూతపడి, అక్కడి పదకొండుమంది వేరే పనులు వెతుక్కున్నారు. నా ఉద్యోగం ఉంది. వీసా ఉంది. పాప తొమ్మిదో తరగతికి వచ్చింది.

మిషన్లు ఉంచుకోలేకపోయాను. మా ఆవిడ అమ్మమనలేదు, అసలు ఆ షెడ్డు ఊసే ఎత్తలేదు. శుక్రవారం లోపలికి వెళ్ళి స్టూలు మీద కూర్చునేవాణ్ణి, ఏదీ ముట్టుకోబుద్ధయ్యేది కాదు. తుక్కు దుకాణం పఠాన్‌ని పిలిస్తే పికప్ తెచ్చాడు. ఏడింటినీ తూకానికే ఇచ్చాను. పిడులూ తాళాలూ కడ్డీలూ ఉన్న పెట్టె కూడా ఎత్తించాను. అంత శ్రమపడి కూర్చిన పెట్టెని పఠాన్ తెరిచి కూడా చూడకుండా బండిలోకి విసిరాడు. ఫోన్లో గ్రూపు మాత్రం వదల్లేకపోయాను. ఎవరో పాత మిషను ఫోటో పెడితే ఇప్పటికీ ఆగి చూస్తాను. ముందు చూసేది మూత ఉందా లేదా అనే.

చివరిసారి అతనితో మాట్లాడింది మొన్న పెళ్ళిళ్ళ రోజుల్లో. ఆరోజు కొంచెం ఎక్కువసేపే మాట్లాడాడు. భార్య బీడీలు చుడుతోందట. తను మేకలు కొన్నాడట, అవి కాయడానికి వేళ్ళు అక్కర్లేదు కదా అన్నాడు. పాలివాళ్ళ ఇంట్లో పెళ్ళికి వెళ్ళి బంతిలో కూర్చున్నాడట.

"ఎడమచేత్తోనే తినాలె గదా సార్. పక్కపొంటి కూసున్న ముసలాయన ఇస్తారి జరుపుకున్నడు. ఏమనలే పాపం, జరుపుకున్నడు అంతే. నేను లేచొచ్చిన. ఇగ బంతులల్ల కూసుంటలేను."

మా ఆవిడ అడిగినట్టు చెప్పమందన్నాను.

"చెల్లెకు నమస్తే చెప్పుండ్రి. మంచిగ సూస్కున్నది నన్ను," అన్నాడు. "సార్, ఒక మాట. ఇంక ఫోన్ చెయ్యకుండ్రి. కోపంతోని కాదు. మీరు చేసినప్పుడల్ల మా ఇంటామె అడుగుతది, ఎవలు గా సారు, నీకెందుకు చేస్తడు అని. దోస్తు అని చెప్తున్న. ఎన్నిసార్లు చెప్పాలె?"

సరేనన్నాను. ఆరోగ్యం జాగ్రత్త అన్నాను. ఆ తరవాత ఫోన్ చేయలేదు.